బంతి పడినట్టు గీయడం ఎలా?

రాయ్‌పూర్‌కు ఉత్తరాన బిలాస్‌పూర్ రోడ్డు మీద ఉన్న సిల్తారాలో ఎటు చూసినా స్పాంజ్ ఐరన్, ఉక్కు కర్మాగారాలే. అక్కడి ఒక విద్యార్థిని క్రేన్‌కు వేలాడే బరువు ఊగుతున్నట్టు నోటుబుక్కులో వరుసగా బొమ్మలు గీసి, ఒక్కోదాన్నీ ఫోనులో ఫొటో తీసి ఆడించి చూసుకుందనుకుందాం. బరువు ఊగుతుంది. కానీ క్రేన్ ఆటబొమ్మలా కనిపిస్తుంది. గీతలు చక్కగానే ఉన్నాయి, కాలం లెక్కే తప్పింది.

మీటరు పొడవు తాడుకు కట్టిన బరువు ఒకసారి ఊగి తిరిగి రావడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. 9 మీటర్ల తీగకైతే 6 సెకన్లు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. చేతితో గీసేవారు తరచూ ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు ఉంచుతారు కాబట్టి సెకనుకు 12 బొమ్మలు చాలు. అంటే తాడుకు 24, క్రేన్‌కు 72. (వెనక్కి వచ్చేటప్పుడు అవే బొమ్మలు తిరగేసి వాడుకోవచ్చు, సగం శ్రమ తగ్గుతుంది.) క్రేన్‌కు కూడా 24 బొమ్మలతోనే సరిపెడితే కన్ను దాన్ని మీటరు తాడుగానే లెక్కగడుతుంది.

లోలకం సూత్రాన్ని ఇంత సూటిగా పట్టిచ్చే ప్రయోగం మన బడుల్లో ఎందుకు లేదు? పడే బంతి దూరాన్ని లెక్కగడితే పరీక్షలో మార్కులొస్తాయి, పడినట్టు గీసి చూపిస్తే రావు. యాప్‌లు ఉన్నాయిగా అంటారు. మొదటి బొమ్మ, చివరి బొమ్మ ఇస్తే మధ్యవన్నీ అవే నింపేస్తాయి, నిజమే. కానీ నేర్చుకోవలసిన భౌతికశాస్త్రమంతా ఆ మధ్య బొమ్మల్లోనే ఉంది.

దాదాసాహెబ్ ఫాల్కే 1913లో 'రాజా హరిశ్చంద్ర' విడుదల చేయడానికి ముందే, బఠానీ గింజ మొలకెత్తి మొక్కగా ఎదగడాన్ని ఒక్కో ఫ్రేముగా చిత్రించారు. మన సినిమా తొలి అడుగుల్లోనే ఫ్రేము లెక్క ఉంది, ప్రకృతి పరిశీలనా ఉంది.

తొమ్మిదో తరగతి గదిలో దీనికి ఒక్క పీరియడు చాలు. సెకనుకు 12 బొమ్మల లెక్కన, పదో వంతు కొలతలో, పడే బంతి బొమ్మకూ బొమ్మకూ మధ్య దూరం సుమారు 3, 10, 17, 24 మిల్లీమీటర్లు, అంటే 1:3:5:7 నిష్పత్తి. స్కేలు పెట్టి ఒక వరుస ఇలా గీయించాలి, ఇంకో వరుస సమాన దూరాల్లో. రెండూ పక్కపక్కనే ఆడించి, ఏది బంతిలా పడిందో పిల్లలనే అడగాలి.