ఓటు మారితే మనసు మారినట్టేనా?

జగిత్యాల జిల్లాలోని మేడిపల్లి మండలం వేములవాడ అసెంబ్లీకి, కరీంనగర్ లోక్‌సభకు ఓటేస్తుంది. పక్కనున్న కోరుట్ల, జగిత్యాల నిజామాబాద్ లోక్‌సభ కిందికి వస్తాయి. 2018 డిసెంబరులో ఈ రెండు లోక్‌సభ స్థానాల పరిధిలోని 14 అసెంబ్లీ సీట్లూ టీఆర్ఎస్‌వే. 2019 ఏప్రిల్‌లో అదే ఓటర్లు రెండు చోట్లా బీజేపీని గెలిపించారు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో కరీంనగర్ పరిధిలోని ఏడు సెగ్మెంట్లలో బీజేపీకి ఒక్కటీ రాలేదు. ఆరు నెలలకే అక్కడి లోక్‌సభ ఎన్నికలో బీజేపీ అభ్యర్థి బండి సంజయ్ రెండు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఇలాంటి ఫలితం వచ్చిన ప్రతిసారీ ప్రజలు ఫలానా భావజాలం వైపు మళ్లారనీ, సమాజం నిలువునా చీలిందనీ విశ్లేషకులు తేల్చేస్తున్నారు. సీట్ల లెక్క చూసి మనుషుల మనసులు చెప్పడం పొరపాటు. చీలిక నిజంగా గట్టిపడి ఉంటే ఓటు ఇంత తేలిగ్గా ఆరు నెలల్లో అటూ ఇటూ తిరగదు.

పార్టీ పేరూ నమ్మదగ్గ కొలత కాదు. వేములవాడలో చెన్నమనేని రమేశ్, ఆది శ్రీనివాస్ ఏళ్ల తరబడి తలపడ్డారు. 2009లో అది టీడీపీ, కాంగ్రెస్ పోటీ. 2014లో టీఆర్ఎస్, బీజేపీ పోటీ. 2018లో టీఆర్ఎస్, కాంగ్రెస్ పోటీ. మారింది ఓటరు సిద్ధాంతమా, అభ్యర్థి జెండానా? నిజామాబాద్‌లో 2019లో 185 మంది బరిలో నిలిచారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర అడిగిన రైతులు. అక్కడి ఓటులో ఎంత భాగం మతానిది, ఎంత భాగం పసుపు బోర్డు డిమాండ్‌దో మొత్తం ఓట్ల లెక్క చెప్పలేదు.

మరి మన ఓటరుకు భావజాలమే లేదా? ఉందనే రాజకీయ శాస్త్రవేత్తలు ప్రదీప్ ఛిబ్బర్, రాహుల్ వర్మ 2018లో వాదించారు. ప్రభుత్వం సమాజంలో ఎంతవరకు జోక్యం చేసుకోవాలి, వెనుకబడిన వర్గాలకు, మైనారిటీలకు ప్రత్యేక రక్షణలు ఉండాలా అన్న ప్రశ్నల దగ్గర జనం విడిపోతారని సర్వేల ఆధారంగా చూపారు. అంటే మనిషిని అడిగితేనే తెలుస్తుంది. అమెరికాలో సభ్యులు చట్టసభలో వేసే ఓట్లతో భావజాలాన్ని లెక్కగడతారు. విప్ ధిక్కరిస్తే పదవి పోయే మన దగ్గర ఆ దారి లేదు. ఎదుటి పార్టీ ఇంటితో వియ్యం అందుకుంటారా అన్నది అమెరికాలో పార్టీల మధ్య ద్వేషానికి కొలత. ఇక్కడ ఆ ప్రశ్నకు పార్టీ కంటే ముందు కులం జవాబు చెబుతుంది. మనం అడగాల్సింది వేరు: ఎదుటి పార్టీ వాళ్లింట చావుకు వెళ్లారా? పింఛను, ఇల్లు ఇచ్చేటప్పుడు పార్టీ చూశారని నమ్ముతున్నారా?

ఢిల్లీకొకరు, హైదరాబాద్‌కొకరు అని జనం తెలివిగా ఎంచుకుంటున్నారు, ఇందులో పరిశోధించేదేముంది అనవచ్చు. కావచ్చు. కానీ రెండు ఎన్నికల్లో పోలింగ్ శాతం ఒకటి కాదు. ఓటు మార్చినవారెవరో, ఇంట్లోనే ఉండిపోయినవారెవరో తెలియకుండా అది ఊహే. సర్వేలో జనం నిజం చెప్పరన్న అభ్యంతరం ఇంకా బరువైనది. భయమున్న ఊళ్లో ఎందుకు చెబుతారు? బూత్‌వారీ ఫలితాలు బయటికొస్తే ఏ ఊరు ఎటు వేసిందో నాయకుడికి తెలిసిపోతుంది. అందుకే బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్‌ను ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. అది అమలైతే పరిశోధకులకు విలువైన సమాచారం పోతుంది. పోయినా సరే, ఓటరు రక్షణే ముందు.

శాతవాహన, కాకతీయ విశ్వవిద్యాలయాలు రానున్న అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో రెండుసార్లూ అవే గడపలు తొక్కి, అవే మనుషులను, పేర్లు గోప్యంగా ఉంచి ఈ ప్రశ్నలు అడగాలి. ప్రభుత్వం అందుకు డబ్బివ్వాలి, ప్రశ్నల జోలికి రాకూడదు.