పత్తి కట్టెకి అంత మొండితనం ఎందుకు?

శివరాత్రికి ఊరెళ్తే మామయ్య పత్తి చేనులో మంట. కట్టె పీకి, కుప్పేసి, అంటించేశాడు. "ఇలా కాల్చకూడదు కదా మామయ్యా" అన్నా. "ఉంచితే గులాబీ పురుగు వచ్చే పంటకి రెడీగా ఉంటుంది. నువ్వొచ్చి ఏరతావా?" అన్నాడు. నోరు మూసుకున్నా. ఆయన చెప్పిందీ నిజమే మరి.

ఆ కుప్ప దగ్గర నిలబడితే ఒకటి తెలుస్తుంది. ఆకులూ పుల్లలూ భగ్గుమని పోతాయి. మొదళ్లు మాత్రం రాత్రంతా నిప్పులై కూర్చుంటాయి. లావుగా ఉండటం ఒక కారణం. రెండోది లిగ్నిన్. మొక్క కణాల గోడల్లో సెల్యులోజ్ ఇనుప చువ్వలైతే, లిగ్నిన్ వాటి మధ్య పోసిన కాంక్రీటు.

ల్యాబ్‌లో దీన్ని చూసే పద్ధతి భలే సింపుల్. కొన్ని మిల్లీగ్రాముల పొడిని చిన్న గిన్నెలో వేసి, నైట్రోజన్ వదులుతూ, నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడి పెంచుతూ తూకం చూస్తూనే ఉంటారు. హెమిసెల్యులోజ్ సుమారు 220–315 డిగ్రీల మధ్య, సెల్యులోజ్ 315–400 మధ్య చాలావరకు ఖాళీ. లిగ్నిన్ అలా కాదు. 160 దగ్గరే మొదలెట్టి 900 దాకా డైలీ సీరియల్‌లా సాగదీస్తుంది. చివరికి 40 శాతం దాకా బొగ్గుగా మిగలొచ్చు.

ఎందుకంటే అందులో బంధాలన్నీ ఒక్కలాంటివి కావు. ఆక్సిజన్ వంతెనలు ముందే తెగుతాయి, బెంజీన్ వలయాలు ఓ పట్టాన లొంగవు. నిమిషానికి 5, 10, 20 డిగ్రీల వేగాలతో మళ్లీ మళ్లీ వేడి చేసి పోల్చితే, తెగడానికి ఎంత శక్తి కావాలో లెక్క వస్తుంది. లిగ్నిన్‌కి ఆ అంకె ఒక్కటే ఉండదు, కాలేకొద్దీ మారుతుంటుంది. అన్నట్టు, కట్టెల పొయ్యి మీది కోడికూరకి వచ్చే ఆ పొగ వాసనలో ఒక భాగం లిగ్నిన్ విరిగితే వచ్చే గ్వాయకాల్‌దే!

మామయ్యకి పనికొచ్చేది ఆ మిగిలే బొగ్గు. బయట కాలిస్తే అదీ గాలి తగిలి బూడిదవుతుంది. అదే గరాటులాంటి గుంతలో కొంచెం కొంచెంగా కట్టె వేస్తూ పోతే, పై మంటే గాలిని తినేస్తుంది, కింద బొగ్గు నిలుస్తుంది. బూడిద పట్టేలోపు నీళ్లు కొట్టాలి. పురుగూ చస్తుంది, బొగ్గు పొడి చేలో వేస్తే తేమా పట్టి ఉంచుతుంది. కాకపోతే కూలీ, నీళ్లు, ఒక పూటంతా కాపలా... అగ్గిపుల్లకి ఇవేవీ అక్కర్లేదు.

"వచ్చే ఏడు ఓ మూలన ఒక్క గుంత ట్రై చేద్దామా?" అన్నా.

"తవ్వేది నువ్వైతే సరే" అన్నాడు.