పాటకు పత్రము

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పల్లెలలో పాట కట్టగలవారికి కొదువ లేదు. ఆ పాట తెరకెక్కినప్పుడు కట్టినవానికి మిగులునదేమి? పొరుగు తెలంగాణమున బండి యాదగిరి కట్టిన పోరాటగేయము 1979 నాటి ‘మా భూమి’ చిత్రములో గద్దరు గొంతున మోగినది. ఆ గొంతును లోకమెరుగును. కట్టినవాని పేరు ఎందరెరుగుదురు?

సినిమా కొరకు డబ్బిచ్చి చేయించుకొన్న పాటకు, వేరు ఒడంబడిక లేనిచో, నిర్మాతయే తొలి హక్కుదారని 1977లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. 2012 నాటి చట్టసవరణ, సినిమాహాలు వెలుపలి వినియోగపు రాబడిలో హక్కు కొన్నవారితో సమానమైన వాటాను రచయితకును, స్వరకర్తకును నిలిపినది. ముందే కట్టుకొన్న పాట కట్టినవానిదే. వ్రాతమూలకముగా తప్ప హక్కు చేతులు మారదు. పత్రమున గడువు వ్రాయనిచో అయిదేండ్లే చెల్లును. ప్రాంతము వ్రాయనిచో భారతదేశమునకే.

పద్యమునకు ప్రతిపదార్థము చెప్పు ఉపాధ్యాయుడు ఈ పత్రమునకును చెప్పినచో, ఊరి పాటతోపాటు ఊరివాని పేరును నిలుచును.