కొలిచి కలిపితేనే రుచి

శుక్రవారం సాయంత్రం మనవాళ్ల పార్టీల్లో ముందుగా వినబడే ప్రశ్న "ఏం బ్రాండు?" అని. రెండోది "ఎన్ని పెగ్గులు?" అని. రుచి ఎలా ఉంది, వాసన దేనిలా ఉంది అని అడిగేవాళ్లు చాలా అరుదు. సీసా ఖరీదు తెలుసు, ఎంత లాగించామో తెలుసు, లోపల ఏముందో మాత్రం తెలియదు. ఈ పద్ధతి మారాలని మేము అంటున్నాం. అందుకు మాకు తోచిన దారి కొందరికి నవ్వు తెప్పించవచ్చు. ఇంట్లోనే ఒక నిమ్మకాయ, కాస్త పంచదార పాకం, కొలిచిన బోర్బన్‌తో ఒక్క గ్లాసు కలుపుకుని, గంటసేపు కూర్చుని తాగడం. అంతే.

మేమంటే ఎవరో కూడా చెప్పాలి. అమెరికాలో తెలుగువాడు అనగానే అందరికీ కంప్యూటరే గుర్తొస్తుంది. మేము పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, గల్ఫ్‌లో కొన్నేళ్లు పనిచేసి, ఆ తర్వాత ఇక్కడికి చేరినవాళ్లం. హూస్టన్ చుట్టుపక్కల సైట్లలో సూపర్‌వైజర్లం. నాలుగు కుటుంబాలం, ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో ఉంటాం. ఎండాకాలంలో తెల్లవారుజామునే కాంక్రీటు పోయాలి కాబట్టి మాకు రాత్రి తొమ్మిదికే పడక. అయినా మాకూ శనివారం ఉంది, మాకూ అలసట ఉంది. మందు గురించి మాట్లాడే అర్హత మాకూ ఉందనే అనుకుంటున్నాం.

బోర్బన్ అనగానే మనవాళ్లు చాలామంది మొహం చిట్లిస్తారు. "తియ్యగా, ఘాటుగా, కాలిన చెక్క వాసనలా ఉంటుంది, మన స్కాచే నయం" అంటారు. ఆ కాలిన చెక్క వాసనే దాని అసలు సంగతి. బోర్బన్ తయారీకి ఈ దేశంలో గట్టి చట్టం ఉంది. వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల మంటతో కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిలవబెట్టాలి. పీపాలో పోసేటప్పుడు ఆల్కహాల్ 62.5 శాతం దాటకూడదు, సీసాలో 40 శాతానికి తగ్గకూడదు. రంగు కోసం, రుచి కోసం ఇంకేదీ కలపకూడదు. సీసాలో కనిపించే ఎర్రటి తేనె రంగంతా ఆ కాలిన చెక్క నుంచి వచ్చిందే. 1964లో అమెరికా కాంగ్రెస్ బోర్బన్‌ను ఈ దేశానికే ప్రత్యేకమైన సరుకుగా గుర్తిస్తూ తీర్మానం చేసింది. అది ఎక్కువగా తయారయ్యేది కెంటకీ రాష్ట్రంలో.

మొక్కజొన్న మనకు కొత్త కాదు. కరీంనగర్, నిజామాబాద్ వైపు ఊళ్లలో కంకులు కాల్చుకు తిన్నవాళ్లకు ఆ తీపి ఎక్కడిదో ఇట్టే తెలుస్తుంది. మన దగ్గర విస్కీ పేరుతో అమ్మే చవక రకాల్లో ఎన్నో చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌లో కొంచెం మాల్ట్ కలిపి చేసినవి. అలాంటి సరుకును యూరప్‌లో విస్కీ పేరుతో అమ్మనివ్వరు. ఆ మంటకు అలవాటు పడిన నాలుకకు తాగడమంటే గొంతు కాలడమే. ఆ మంట తెలియకుండా ఉండాలని సోడా, కోలా, వెనకాలే మిర్చి బజ్జీ. పర్మిట్ రూములో నిలబడి పది నిమిషాల్లో గ్లాసు ఖాళీ చేసే చోట రుచి ఎవరికి కావాలి?

బోర్బన్‌ను నేరుగా నోట్లో పోసుకుంటే మాలో ఎవరికీ మొదట దిగలేదు. నిమ్మకాయతోనే దారి దొరికింది. ఇక్కడివాళ్లు దాన్ని విస్కీ సవర్ అంటారు. 19వ శతాబ్దం నుంచే అమెరికా బార్లలో ఉన్న పానీయం అది. పేరు పెద్దదిగానీ లెక్క మన నిమ్మకాయ షర్బత్‌దే. పులుపుకు తగ్గ తీపి, రెండింటికీ తగ్గ చల్లదనం. ఎండలో వచ్చినవాళ్లకు షర్బత్ కలిపిచ్చిన ఏ ఇల్లాలికైనా ఇందులో సగం విద్య ముందే తెలుసు. మా ఇళ్లలో పులుపు, తీపి సరిచూసేది ఆడవాళ్లే. తాగకపోయినా నిమ్మరసం, పాకం కలిపి రుచి చూసి "ఇంకో చెంచా పాకం పడాలి" అని చెప్పేస్తారు. ఆ మాటకు తిరుగులేదు.

కొలత చెప్తాం, రాసుకోండి. 45 మిల్లీలీటర్ల బోర్బన్. 20 మిల్లీలీటర్ల నిమ్మరసం, అప్పటికప్పుడు పిండింది. పంచదార, నీళ్లు సమానంగా తీసుకుని కరిగించిన పాకం 20 మిల్లీలీటర్లు. మూత గట్టిగా పట్టే పచ్చడి సీసా ఒకటి శుభ్రంగా కడిగి అందులో ఇవన్నీ పోసి, నిండా ఐస్ ముక్కలు వేసి, పావు నిమిషం బాగా కుదపాలి. టీ వడకట్టే జల్లెడతో గ్లాసులోకి వంచుకోవాలి. అంతే, షేకరూ అక్కర్లేదు, బారూ అక్కర్లేదు. కొందరు నురగ కోసం గుడ్డు తెల్లసొన కూడా వేస్తారు. పచ్చి గుడ్డుతో జాగ్రత్త అవసరం, అది లేకున్నా రుచికి లోటు లేదు.

నిమ్మకాయ విషయంలో ఒక చిన్న మాట. గూడూరు, తెనాలి మార్కెట్లకు వచ్చే మన చిన్న నిమ్మకాయ ఇక్కడివాళ్లు లైమ్ అనే కాయకు దగ్గర. విస్కీ సవర్‌లో వేసేది లెమన్ అనే పెద్ద పసుపు కాయ, దాని పులుపు కాస్త మెత్తన. మన రకం కాయ వేస్తే పాకం ఒక చెంచా పెంచుకోవాలి. ఒకసారి బత్తాయి రసం కలిపి చూశాం, ఒకసారి పంచదార బదులు బెల్లం పాకం వేశాం. బత్తాయి చప్పగా తేలింది. బెల్లం మాత్రం బోర్బన్‌కు అన్నదమ్ములా కలిసిపోయింది. పీపా చెక్క కాలినప్పుడు అందులోని చక్కెరలు మాడి వచ్చే వాసన, బెల్లం కాగినప్పుడు వచ్చే వాసన దగ్గరి చుట్టాలు కదా.

సైటులో మేము పిల్లలకు నేర్పే మొదటి పాఠం కూడా ఇదే. కాంక్రీటులో నీళ్లు ఎక్కువ పోస్తే పని సులువుగా జారుతుంది, గట్టిదనం పోతుంది. కంటి అంచనాతో బకెట్లు బకెట్లు పోసేవాడు మేస్త్రీ అనిపించుకోడు. గ్లాసు దగ్గర మాత్రం ఆ కంటి అంచనానే మగతనం అనుకుంటాం. ఎందుకని?

ఇలా మొదలుపెట్టాక నాలుక తనంతట తనే నేర్చుకుంటుంది. మొదట పులుపు, తీపి మాత్రమే తెలుస్తాయి. నాలుగైదు శనివారాలు గడిచాక వాటి వెనక వెనిలా లాంటి వాసన పట్టుబడుతుంది, అది ఓక్ చెక్కది. ఆ తర్వాత మిరియాల్లాంటి ఘాటు తెలుస్తుంది, అది మొక్కజొన్నతో పాటు వేసే రై అనే ధాన్యానిది. రై బదులు గోధుమ వేసే మేకర్స్ మార్క్ లాంటి రకాలు మెత్తగా ఎందుకుంటాయో అప్పుడు అర్థమవుతుంది. క్రమంగా పాకం తగ్గించి, నిమ్మరసం తగ్గించి, చివరికి ఒక్క ఐస్ ముక్కతో తాగగలిగినవాళ్లు మాలో ఇద్దరున్నారు. మిగతా ఇద్దరు నిమ్మకాయ దగ్గరే ఆగిపోయారు. అందులో తక్కువేం లేదు. ఎటు ఆగినా, రుచి కోసం తాగేవాడికి రెండో గ్లాసు తొందర ఉండదు.

దీనికి ఎదురు వాదన ఉంది, అది నిజమే కూడా. పులుపు, తీపి కలిస్తే ఘాటు తెలియదు, తెలియక ఎక్కువ తాగేస్తారు అంటారు. సీసాలో 40 శాతం ఉన్నది ఐస్ కరిగి గ్లాసులోకి వచ్చేసరికి సుమారు 16 శాతం అవుతుంది. కానీ లోపలికి వెళ్లే ఆల్కహాల్ అంతే, చుక్క తగ్గదు. అందుకే మేము కొలతను ఇంత పట్టుకుంటున్నాం. అమెరికా లెక్కలో ఒక డ్రింకు అంటే 14 గ్రాముల ఆల్కహాల్, మేము చెప్పిన 45 మిల్లీలీటర్లు దాదాపు అంతే. మన లార్జ్ పెగ్గు 60 మిల్లీలీటర్లు. నాలుగు లార్జులు అంటే ఇక్కడి లెక్కలో ఐదు దాటిపోతాయి. ఒక్కో డ్రింకు ఒంట్లోంచి పోవడానికి సుమారు గంట పడుతుంది. రాత్రి ఒంటిగంట దాకా తాగినవాడు తెల్లవారి ఐదింటికి హెల్మెట్ పెట్టుకుంటే నిద్ర లేచినట్టేగానీ మత్తు దిగినట్టు కాదు.

ఈ మాట మేము ఊరికే అనడం లేదు. అమెరికాలో నిర్మాణ పనుల్లో జరిగే మరణాలకు అన్నిటికన్నా పెద్ద కారణం ఎత్తు నుంచి పడటమే. పరంజా మీద ఒక్క అడుగు తడబడితే చాలు. కిందున్నవాడు కూడా ఒకరి కొడుకే, ఒకరి భర్తే. పొద్దున మా ముందు వరుసలో నిలబడినవాళ్ల కళ్లు చూడటం మా ఉద్యోగంలో భాగం. కళ్లు ఎర్రగా ఉన్నవాణ్ని పైకి ఎక్కించకుండా వెనక్కి పంపితే ఆ రోజు కూలి పోతుంది. పంపకపోతే ఇంకేం పోతుందో మాకు తెలుసు.

ఇక కారు. టెక్సాస్‌లో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరితే నేరం. అంతకన్నా తక్కువున్నా తూలుతూ నడిపితే పట్టుకుంటారు. వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో ముప్పు ఉంది. తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే వీసా రద్దు చేసే విధానం 2015లో వచ్చింది. ఒక రాత్రి పార్టీ, పదేళ్ల కష్టం. ఇంట్లో కలుపుకుని ఇంట్లోనే పడుకునేవాడికి ఈ భయం లేదు.

ఇంట్లో తాగడమా, పిల్లల ముందా అని పెద్దలు బాధపడతారు. వాళ్ల బాధకు చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాపై తిరగబడినప్పుడు మేము పసివాళ్లం. కూలి డబ్బు సారా కొట్టుకు పోతే పొయ్యి వెలగని ఇళ్లు వాళ్లవి. ఆ పోరాటం వల్లే 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. నిషేధం పోయింది, అమ్మల భయం పోలేదు. ఆ భయాన్ని మేము తప్పు పట్టం. కానీ చాటుగా తాగడం వల్ల ఆ భయం తగ్గలేదు, పెరిగింది. మగవాళ్లంతా గరాజ్‌లో, ఆడవాళ్లంతా వంటింట్లో ఉండే పార్టీలో ఎవరు ఎంత తాగారో ఎవరికీ లెక్క ఉండదు. అందరూ కూర్చున్న చోట, అన్నం కూరల పక్కన, ఒక్క గ్లాసు పెట్టుకున్నవాడికి లెక్క అదే ఉంటుంది. భార్య కంటిముందే ఉంటుంది కదా.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. తాగనివాళ్లను మొదలుపెట్టమని మేము చెప్పడం లేదు. ఆరోగ్యానికి హాని చేయని మద్యం మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. మద్యానికి, క్యాన్సర్‌కు ఉన్న సంబంధం గురించి అమెరికా సర్జన్ జనరల్ 2025 జనవరిలో హెచ్చరించారు. బోర్బన్ మందే, టానిక్ కాదు. ఒక గ్లాసుతో ఆపుకోలేనివాళ్లకు ఈ నిమ్మకాయ దారి కూడా పనికిరాదు, వాళ్లకు కావాల్సింది డాక్టరు, అయినవాళ్ల తోడు. మా మాట ఎలాగూ తాగేవాళ్లకే.

2025 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం బోర్బన్‌పై దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100 శాతానికి తగ్గించింది. మన ఊళ్ల పెళ్లిళ్లలోనూ ఈ సీసాలు ఇక ఎక్కువగా కనిపించవచ్చు. సెలవులకు వెళ్లేటప్పుడు మనం కూడా రెండు సీసాలు సూట్‌కేసులో పెట్టుకుని వెళ్తాం. అన్నలూ, తమ్ముళ్లూ, ఆ సీసాతో పాటు ఒక కొలత గ్లాసు కూడా పట్టుకెళ్లండి. "ఎన్ని పెగ్గులు?" అని అడిగిన బావమరిదికి ఒక నిమ్మకాయ చేతిలో పెట్టి పిండమనండి. ఒక్క గ్లాసు కలిపిచ్చి, దేని వాసన వస్తుందో చెప్పమని అడగండి. జవాబు వెతుక్కునేలోపు గంట గడుస్తుంది. మందు దగ్గర మన మగవాళ్లు గంటసేపు ఓపిక పట్టడం నేర్చుకుంటే, మన ఇళ్లకు అదే చాలు.