పరీక్ష ఫీజు అని పేరు పెట్టుకున్న పందెము



గడచిన నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక రైతు సహోదరుడు అందరూ వెళ్లువరకు వెనుక నిలిచియున్నాడు. తరువాత దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మా వాడు అమెరికాలో ఇంకో పరీక్షకు కడుతున్నాడంట. ఫీజుకి నలభై వేలు పంపమన్నాడు. పాడిగేదెను అమ్మేద్దామనుకుంటున్నాం. వాడు పాసవ్వాలని ప్రార్థన చెయ్యండి" అన్నాడు.

కుమారుడు టెక్సస్ రాష్ట్రములో ఎం.ఎస్. చదువుచున్నాడు. ఏ పరీక్ష అని అడిగాము. "ఏదో ఇవాల్యుయేషన్ అంటండి. నాకేం తెలుసు?" అన్నాడు తండ్రి. ఆ మాట మాకును క్రొత్తగా తోచినందున, ఆ రాత్రి తండ్రిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ బిడ్డతో ఫోనులో మాట్లాడాము. మొదట తడబడినాడు. తరువాత నిజము చెప్పాడు. అది కాలేజీ పరీక్ష కాదు. ఆటల మీద పందెము కాయుటలో నేర్పు ఉన్నదా లేదా అని ఒక కంపెనీ పెట్టు పరీక్ష. దానికే 450 డాలర్ల రుసుము.

విదేశములలో బిడ్డలున్న కుటుంబములు మన సంఘములలో అనేకములున్నవి. కావున ఆ రాత్రి మేము తెలిసికొన్నది ఈ నెల మీతో పంచుకొనుచున్నాము.

అమెరికాలో 2018 మే నెలలో అక్కడి సుప్రీం కోర్టు 1992 నాటి ఒక చట్టమును కొట్టివేసినది. అప్పటినుండి క్రీడల పందెమును అనుమతించుటయో మానుటయో ఏ రాష్ట్రమునకు ఆ రాష్ట్రమే నిర్ణయించుకొనుచున్నది. అనేక రాష్ట్రములు అనుమతించినవి. టెక్సస్ అనుమతించలేదు. అయినను, "మాది పందెము కాదు, నేర్పును పరీక్షించుట మాత్రమే" అని చెప్పుకొను కంపెనీలు బయలుదేరినవి. "నీయొద్ద పెట్టుబడి లేదా? ఫరవాలేదు. పరీక్షలో నెగ్గితే మా సొమ్ముతో పందెము కాయుము, లాభములో ఎక్కువ వంతు నీదే" అనునది వారి పిలుపు. కరెన్సీ, షేర్ల వ్యాపారములో అంతకుముందే ఉన్న ఒక పద్ధతిని వీరు ఆటలకు తెచ్చారు.

ఆ బిడ్డ పంపిన షరతుల కాగితమును మేము రెండుసార్లు చదివాము. కంపెనీని బట్టి అంకెలు మారును గాని, వరస ఇంచుమించు ఒకటే. 450 డాలర్లు కట్టినవారికి 50,000 డాలర్లు ఉన్నట్టు చూపు ఖాతా ఒకటి ఇత్తురు. అది ఉత్తుత్తి ఖాతా. అందులో డబ్బు లేదు, అంకెలే ఉన్నవి. నిజముగా జరుగుచున్న ఆటల మీద ఆ అంకెలతో పందెము కాయవలెను. 10,000 డాలర్ల లాభము చూపితే నెగ్గినట్టు. మొత్తము మీద నష్టము 5,000 డాలర్లు తాకితే పోయినట్టు. ఒక్క రోజులో నష్టము 2,500 దాటినను పోయినట్టే. కనీసము ఇన్ని పందెములు కాయవలెను, ఒక్క పందెమునకు ఇంతకు మించరాదు, ఒకే ఆటలో రెండు పక్షముల మీద కాయరాదు, ఒకరు రెండు ఖాతాలు పెట్టరాదు అని మరికొన్ని నిబంధనలు. నెగ్గినవారికి రెండవ ఖాతా ఇచ్చి, అందులో వచ్చిన లాభములో నూటికి 80 వంతులు చెల్లింతుమని వ్రాసినారు. మొదటి చెల్లింపు 14 దినముల తరువాతనే. ఆ రెండవ ఖాతా కూడ ఉత్తుత్తిదే కావచ్చునని చిన్న అక్షరములతో ఉన్నది.

"అంకుల్, నేను గుడ్డిగా కాయట్లేదు. లెక్కలన్నీ చూసే కాస్తున్నాను" అన్నాడు ఆ బిడ్డ. మంచిది, మనమును లెక్కే చూద్దాము. అక్కడ సాధారణముగా 100 గెలుచుటకు 110 ఒడ్డవలెను. 100 పందెములలో 52 గెలిచి 48 ఓడినవాని సంగతి చూడుడి. గెలిచినది 5,200, పోయినది 5,280. సగము కన్న ఎక్కువ గెలిచి కూడ అతడు 80 నష్టపోయినాడు. 53 గెలిస్తే గాని లాభము మొదలు కాదు.

ఇక హద్దుల సంగతి. పందెమునకు వెయ్యి చొప్పున కాసినవానికి గోతికి అయిదు అడుగులు, గట్టుకు పది అడుగులు. బొమ్మా బొరుసా వేసినట్టు గెలుపు ఓటములు సమానముగా ఉండి, గెలిచినప్పుడు వెయ్యికి వెయ్యి వచ్చినను, ముగ్గురిలో ఒక్కడే గట్టు చేరును. వెయ్యి ఒడ్డినవానికి గెలుపున 909 మాత్రమే వచ్చు ఆ లెక్క ప్రకారమైతే, సుమారు అయిదుగురిలో ఒక్కడు. అతడు కూడ ఇంకను ఒక్క డాలరు చేతికి తీసికొనలేదు. రెండవ ఖాతాలో మరల లాభము చూపవలెను. గట్టు చేరని మిగతావారి రుసుము మాత్రము వాపసు రాదు. వారిలో అనేకులు "ఈసారి నెగ్గుతాను" అని మరల కట్టుదురు.

ఇందులో అందరు మోసగాండ్రేనని మేము అనుట లేదు. చెల్లింపులు అందుకొన్నవారును ఉండవచ్చును. అయితే ఒక్క సంగతి గమనించుడి. మన బిడ్డ కట్టు రుసుము నిజమైన డబ్బు. ఎదుట కనబడు ఖాతా డబ్బు కాదు. పందెము గెలిచినను ఓడినను కంపెనీకి తప్పక వచ్చునది రుసుమే.

ఆ రాత్రి తండ్రి ఒక్క ప్రశ్నే అడిగాడు: "ఇంతకుముందు కూడా కట్టావా నాన్నా?" అటువైపు కొంతసేపు మాట లేదు. తరువాత, నాలుగుసార్లు కట్టినట్టు చెప్పాడు. మొత్తము 1,800 డాలర్లు, మన లెక్కలో లక్షన్నర రూపాయలకు పైమాటే. కొంత పుస్తకములకని ఇంటినుండి తెప్పించినది, మిగతాది స్నేహితుల యొద్ద చేసిన అప్పు. నాలుగవసారి పరీక్ష నెగ్గినాడు కూడ. రెండవ ఖాతాలో 5,200 డాలర్ల లాభము చూపినాడు. మొదటి చెల్లింపునకు రెండు దినములున్నదనగా, ఒకే రాత్రి మూడు బాస్కెట్‌బాల్ ఆటల మీద వెయ్యేసి కాసి మూడును ఓడినాడు. ఇంకను 2,200 లాభము మిగిలియున్నది. కాని ఆ రోజు నష్టము 2,500 దాటినందున ఖాతా మూసివేయబడినది. నిబంధన ముందే వ్రాసియున్నది గనుక అడుగుటకు నోరు లేదు. చేతికి ఒక్క డాలరు రాలేదు.

"రెండు రోజులు ఆగుంటే వచ్చేదే నాన్నా. అందుకే ఇంకొక్కసారి కడదామనుకున్నాను" అన్నాడు. ఈ మాట మనకు క్రొత్త కాదు. సంక్రాంతి కోడిపందెముల బరి దగ్గర, పేకాట దగ్గర మన ఊళ్లలో విన్న మాటే. పేరు మారినది, దూరము మారినది, ఆ "ఇంకొక్కసారి" మారలేదు.

మన దేశము సంగతి కూడ తెలిసికొనుడి. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆన్‌లైన్ జూదమును నిషేధించుచు చట్టములు సవరించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము ప్రకారము డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నడుపువారికి మూడేండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చును. కావున "పరీక్ష మాత్రమే" అను పేరుతో ఫోనులో ఏ ప్రకటన వచ్చినను, ఆ పేరు చూచి రుసుము కట్టవద్దు.

తలిదండ్రులకు మా మనవి ఇది. బిడ్డ ఫీజు అడిగినప్పుడు, అది ఏ కాలేజీకి, ఏ కోర్సుకు అని అడిగి రసీదు చూడుడి. అది అనుమానము కాదు, బాధ్యత. పందెమని తెలిసిన రోజున అరవకుడి. అరచిన ఇంట బిడ్డ మరుసటిసారి అబద్ధము ఇంకా బాగుగా చెప్పుట నేర్చుకొనును. అప్పు ఎంత, ఎవరికి అని కాగితము మీద వ్రాయించుడి. క్రొత్త అప్పుతో పాత అప్పు తీర్చనియ్యకుడి. మానలేకపోవుచున్నవారు మన దేశములో టెలిమానస్ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. విదేశములలో చదువుచున్న బిడ్డలారా, ఇట్టి కంపెనీతో సంతకము చేయకముందే మీ వీసాకు చిక్కు రాదా అని కాలేజీలోని విదేశీ విద్యార్థుల ఆఫీసులో అడుగుడి.

ఆ తండ్రి అరవలేదు. "డబ్బు పోతే పోయింది. నువ్వు చదువు చూసుకో. అప్పు ఎవరెవరికో రేపు రాసి పంపు" అని మాత్రము అన్నాడు. ఫోను పెట్టిన తరువాత చాలసేపు నేల చూచుచు కూర్చున్నాడు. లేచి వెళ్లునప్పుడు, "పాసవ్వాలని ప్రార్థన చెయ్యమన్నాను అయ్యగారూ, దేనికో తెలియకుండానే" అన్నాడు.

మరునాడు ఉదయము ఆ వీధిన వెళ్లుచు చూచాము. గేదె కొట్టములోనే ఉన్నది. ఆ ఇల్లాలు పాలు పితుకుచున్నది. అప్పు తీరుటకు రెండేండ్లు పట్టవచ్చును. అయినను అయిదవ రుసుము కట్టలేదు. ఆ ఇంటి క్షేమమునకు అదే మొదటి మెట్టని మేము నమ్ముచున్నాము.