సంపాదకుని మాట: అడగాల్సింది ఎవరిని?

బాపులపాడు వాళ్లకు కొల్లేటి ఒడ్డు పక్షుల కేంద్రం ఆటపాక పెద్ద దూరం కాదు. ఇనుప స్టాండ్ల మీది గూళ్లలో గూడబాతు పిల్లలు తల్లి గొంతు సంచిలోకి మూతి దూర్చి చేపలు అందుకుంటుంటే, రాత్రికి ఇక్కడే ఉండే వీలుంటే బాగుండుననిపిస్తుంది. తప్పేం లేదు. ఎకో లాడ్జి కట్టాలంటే ఎవరిని అడగాలన్నదే పేచీ.

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. అయిదో కాంటూరు (ఎత్తు గీత) లోపల 308 చదరపు కిలోమీటర్లు. 2006లో ఆ హద్దు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగ్గొట్టిన సంగతి లంక గ్రామాలు మరిచిపోలేదు. పర్యావరణం పేరెత్తితే అక్కడ ఇప్పటికీ అనుమానంగానే చూస్తారు. చూడరా మరి!

అభయారణ్యాల చుట్టూ పర్యావరణ సున్నిత మండలం ప్రకటించే ముసాయిదా వస్తే, అభ్యంతరాలకు 60 రోజుల గడువుంటుంది. ఆ గెజిట్ అచ్చయ్యేది హిందీలో, ఇంగ్లిషులో. గట్టున వల బాగుచేసుకునేవాడికి అది ఎలా అందుతుంది? ఊరివాళ్లను కలుపుకోవడంలో మారేడుమిల్లి నయం: అడవిలో విడిది, వంట, దారి చూపడం వన సంరక్షణ సమితుల్లోని గిరిజనుల చేతుల్లోనే నడిచాయి.

గది అద్దెలో ఊరి వాటా ఎంత, మురుగు ఎటు పోతుంది, చేపల వేటకు పడవ ఎక్కడిదాకా వెళ్లొచ్చు? ప్లాను గీయకముందే ఇవి గ్రామసభలో తేలాలి. ఈ సంచికను లంకల వాళ్ల మాటతోనే మొదలుపెడుతున్నాం.