ఎరుపు, పసుపు జెండాల నడుమనే

వేసవి సెలవులొస్తే మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లోని తెలుగు ఇళ్ల ముందు నుంచి కార్లు తెల్లవారకముందే కదులుతాయి. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలనూ, కొత్తగా చదువుకొచ్చిన కుర్రాళ్లనూ ఎక్కించుకుని గ్రేట్ ఓషన్ రోడ్‌కో, ఫిలిప్ ఐలాండ్‌కో, సొరెంటోకో ప్రయాణం కడతాం. తప్పకుండా వెళ్లాలి. అంత చక్కని తీరం దగ్గర్లో ఉండగా ఇంట్లో కూర్చోమని ఎవరంటారు? మా భయమల్లా ఒక్కటే. అక్కడ ఫోటో ఎక్కడ బాగా వస్తుందో తెలుసుకుని వెళ్తున్నాం గానీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడం లేదు.

2024 జనవరి 24న ఫిలిప్ ఐలాండ్‌లోని ఫారెస్ట్ కేవ్స్ దగ్గర నలుగురు భారతీయులు ఒకే మధ్యాహ్నం మునిగిపోయారు. అయినవాళ్లను చూసిపోదామని ఇండియా నుంచి వచ్చిన మనిషి కూడా వాళ్లలో ఉన్నారు. దాదాపు ఇరవై ఏళ్లలో విక్టోరియా తీరంలో ఇంత ఘోరం జరగలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమెల్ జలపాతం వద్ద ఇద్దరు, జులైలో క్వీన్స్‌లాండ్‌లోని మిల్లా మిల్లా జలపాతం వద్ద ఇద్దరు తెలుగు యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2024 జులై నుంచి 2025 జూన్ దాకా ఆస్ట్రేలియా మొత్తంలో నీళ్లు బలిగొన్నవారు 357 మంది.

మెల్‌బోర్న్‌లో ఉండేవాళ్లను మోసపుచ్చేది పోర్ట్ ఫిలిప్ బే. చుట్టూ నేల ఉంది కాబట్టి సెయింట్ కిల్డా, విలియమ్స్‌టౌన్, ఆల్టోనాల్లో అల చీలమండల దగ్గరే ఆగిపోతుంది. నాలుగుసార్లు అక్కడికి వెళ్లొచ్చిన వాళ్లకు సముద్రమంటే ఇంతేననిపిస్తుంది. సొరెంటోకు వెళ్లి చూడండి. ఊరికి ఒక పక్క బే వైపు ఫ్రంట్ బీచ్, కొద్ది నిమిషాల దూరంలో రెండో పక్క బ్యాక్ బీచ్. రెండూ ఇసుకే, రెండూ నీలమే. కానీ బ్యాక్ బీచ్ అలలు బాస్ జలసంధి మీదుగా నేరుగా వచ్చి పడేవి. 1967 డిసెంబరు 17న అటువైపే, పోర్ట్‌సీ దగ్గరి చెవియట్ బీచ్‌లో అప్పటి ఆస్ట్రేలియా ప్రధాని హారొల్డ్ హోల్ట్ ఈతకు దిగి మళ్లీ కనిపించలేదు. ఆ తీరం ఆయనకు ఏళ్ల తరబడి పరిచయం. పెద్దయెత్తున గాలించినా దేహం దొరకలేదు. అలాంటి చోట విశాఖ రామకృష్ణా బీచ్‌లో కాళ్లు తడుపుకున్న అనుభవం ఏపాటిది?

రిప్ అంటే ఏమిటో ప్రతి ఇంట్లోనూ తెలియాలి. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు తిరిగి వెళ్లడానికి ఇసుకలో ఒక దారి చేసుకుంటాయి. ఆ దారిలో అల విరగదు, నురగ ఉండదు, నీళ్లు కాస్త ముదురు రంగులో నిమ్మళంగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు పిల్లల్ని దించడానికి ఎంచుకునేది సరిగ్గా ఆ చోటే. మోకాలి లోతే కదా అని నిలబడ్డ మనిషి కాళ్ల కింద నుంచి ఇసుక జారిపోతుంది, ప్రవాహం లోపలికి లాగేస్తుంది. ఒడ్డు వైపు ఎదురీదితే ఎంత బలవంతుడైనా అలిసిపోతాడు. వెల్లకిలా తేలుతూ, చెయ్యెత్తి పిలవాలి. ఓపికుంటే తీరానికి సమాంతరంగా ఈది, అలలు విరిగే చోటికి చేరాలి.

అన్నింటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది మన ప్రేమే. ఒకరు మునుగుతుంటే ఈత రాని అన్న, అమ్మ, స్నేహితుడు ఒకరి వెంట ఒకరు దూకేస్తారు. ఒక్కరితో పోవాల్సిన ప్రమాదం ఇంటిల్లిపాదినీ మింగుతోంది. దూకకండి. బంతి, ఐస్‌బాక్స్ మూత, ఖాళీ నీళ్ల క్యాన్, తేలేది ఏదైనా విసరండి. సున్నా మూడుసార్లు నొక్కి 000కు ఫోన్ చేయండి.

క్రెయిగీబర్న్‌లో స్ప్లాష్ ఆక్వా పార్క్ ఉంది. మనవాళ్లు పిల్లల్ని ఈతకు చేర్చి తాము గట్టుమీద కూర్చుంటారు. పెద్దలూ దిగాలి, ముఖ్యంగా ఆడవాళ్లు. సిగ్గుపడాల్సిన పని కాదిది. సంక్రాంతి ఇక్కడ నడివేసవిలో వస్తుంది. ముగ్గుల పోటీకి, పాటలకు వేదిక ఇచ్చే మన సంఘాలు అదే వేదిక మీద అరగంట లైఫ్ సేవింగ్ విక్టోరియా వాళ్లను మాట్లాడించలేవా? ఆ అరగంట కోసం సంఘాల పెద్దలను గట్టిగా అడుగుతున్నాం.

ఈలోగా ప్రయాణం పెట్టుకున్నవాళ్లు చోటును చూసుకుని ఎంచుకోండి. ఫారెస్ట్ కేవ్స్‌లో గస్తీ లేదు. అదే ద్వీపంలో వూలమై, స్మిత్స్ బీచ్‌లలో వేసవిలో లైఫ్‌సేవర్లు ఉంటారు. ఏ రోజున, ఏ వేళల్లో ఉంటారో బీచ్‌సేఫ్ వెబ్‌సైట్‌లో ముందురోజే చూసుకోవచ్చు. అక్కడ కూడా లైఫ్‌సేవర్లు పాతిన ఎరుపు, పసుపు జెండాలు కనిపిస్తేనే, వాటి నడుమనే దిగండి. జెండాలు లేకపోతే అమ్మానాన్నల చీర అంచు, పంచె అంచు కూడా తడవనివ్వకండి.